ముదిమిలో మందులు

మానవుని ఆయుష్షును మన ప్రాచీనాచార్యులు బాల్యం, మధ్యవయస్సు, వార్ధక్యం అని మూడు భాగాలు చేశారు. చరకుడు 60 ఏళ్ళు దాటినది మొదలు వార్ధక్యమన్నాడు. సుశ్రుతుడు 70 దాటిన పిమ్మట అన్నాడు. ఈ పదేళ్ళ వ్యత్యాసం ఎలా ఉన్నా, ఆ వయస్సులో ధాతువులు క్షీణిస్తాయని, వాతం ప్రబలుతుందని ఇరువురూ చెప్పారు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో దీనికి సంబంధించిన ఒక విధి కూడా ఉన్నది. బాలురకు, వృద్ధులకు అగ్నికర్మ, క్షారకర్మ, విరేచనం చేయరాదనీ, వాటితో తప్ప లొంగని రోగమైతే మృదువుగా, మెల్లమెల్లగా చేయవలెననీ దాని భావం. మందు రోగానికి సరిపోయినంత మాత్రాన రోగికి సరిపోయినట్లు కాదని ఆనాడే గుర్తించారన్నమాట.

ఇంగ్లీషు వైద్యంలో ఈ విషయం ఒక పట్టిక రూపం దాల్చినది 1991లో. అమెరికాలో మార్క్ బీర్స్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి, నర్సింగ్ హోములలో ఉండే వృద్ధులకు ఏ ఏ మందులు వాడకుండా ఉండటం మేలో ఒక జాబితా తయారుచేశారు. 1997లో దానిని 65 ఏళ్ళు దాటిన వారందరికీ వర్తించేలా విస్తరించారు. అక్కడి వృద్ధ వైద్య నిపుణుల సంఘం ఆ జాబితాను 2012 నుండి ఎప్పటికప్పుడు సవరిస్తూ, 2023లో మరొకసారి ప్రకటించినది. ఐర్లండు వైద్యులు 2008లో ఇటువంటిదే మరొకటి కూర్చారు. ఈ జాబితాలలోని మందులు విషాలు కావు. ముప్పై ఏళ్ళ యువకునికి నిర్భయంగా ఇవ్వదగినవే చాలావరకు. అయితే ముదిమిలో వాటివల్ల కలిగే మేలుకంటే కీడు ఎక్కువ, అంతకంటే సాధువైన మందు దొరుకుతుంది కూడా. అందుచేత వాటిని వృద్ధులకు అనుచితమైన మందులుగా లెక్కించారు.

మర్రిపాడులో వైద్యం చేసుకునే నేను అమెరికా జాబితాల ఊసెత్తడానికి కారణం, నా దగ్గరకు వచ్చే వృద్ధుల మందుల సంచులు. మా మండలంలోని పెద్దలు మధుమేహానికి ఆత్మకూరులో ఒకరికి చూపించుకుంటారు. మోకాళ్ళకు నెల్లూరు వెళతారు. కళ్ళు తిరిగితే ఉదయగిరిలోనో, ఊళ్ళోని ఆర్.ఎం.పి. వద్దనో సూది వేయించుకుంటారు. ముగ్గురు వైద్యులూ మూడు చీటీలు రాస్తారు. ఒకరి చీటీ మరొకరు చూడరు. ఇంటికి వచ్చేసరికి కోడలు చేసిచ్చిన శొంఠి కషాయం, పక్కింటివారు చెప్పిన చూర్ణం కూడా వాటికి తోడవుతాయి. సంచి బల్లమీద బోర్లించి లెక్కపెడితే తొమ్మిది, పది రకాలు తేలడం నాకు కొత్త కాదు. ఒకే మందు రెండు వేరువేరు కంపెనీల పేర్లతో, రెండు రంగులలో, పొద్దున ఒకటి రాత్రి ఒకటి వేసుకుంటున్నవారు కూడా కనిపిస్తుంటారు. చదువురాని ముసలమ్మకు రంగులే గుర్తు. కంపెనీ మారి బిళ్ళ రంగు మారితే అది ఆమెకు మరో మందు.

రిపోర్టులో కనిపించని బలహీనత

వయస్సు మళ్ళిన శరీరంలో మందు ఎందుకు వేరుగా పనిచేస్తుందో కొంచెం వివరంగా తెలుసుకోవడం అవసరం. మందులను బయటకు పంపే ముఖ్యమైన అవయవాలు కాలేయం, మూత్రపిండాలు. మూత్రపిండాల వడపోత శక్తి సుమారు నలభయ్యో ఏట నుండి ఏటా కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తుంది. ఇది వ్యాధి కాదు, వయోధర్మం. చిక్కేమిటంటే, రక్తపరీక్షలో ఇది సులభంగా కనబడదు. మూత్రపిండాల స్థితి తెలుసుకోవడానికి క్రియాటినిన్ అనే పదార్థాన్ని కొలుస్తారు. ఇది కండరాల నుండి పుడుతుంది. వృద్ధులలో కండ కరిగిపోయి ఉంటుంది గనుక క్రియాటినిన్ పుట్టడమే తక్కువ. అందువల్ల వడపోత సగానికి పడిపోయినా రిపోర్టులో అంకె మామూలుగానే ఉండవచ్చు.

1976లో కాక్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు దీనికొక లెక్క చెప్పారు. అది నేటికీ వాడుకలో ఉన్నది. 140 నుండి వయస్సును తీసివేసి, మిగిలినదానిని కిలోలలో శరీరపు బరువుతో గుణించవలెను. వచ్చినదానిని 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించవలెను. స్త్రీలకైతే ఫలితాన్ని 0.85తో మళ్ళీ గుణించవలెను. 25 ఏళ్ళ వయస్సు, 60 కిలోల బరువు గల యువకునికి క్రియాటినిన్ 1.0 ఉన్నదనుకుందాం. అతని వడపోత నిమిషానికి సుమారు 96 మిల్లీలీటర్లు. మా ఊళ్ళలో సాధారణంగా కనిపించే 75 ఏళ్ళ వృద్ధురాలు, 40 కిలోల బరువు, అదే 1.0 క్రియాటినిన్. ఆమెకు లెక్క కట్టి చూడండి, సుమారు 31 వస్తుంది. ఇద్దరి రిపోర్టుల మీదా 'నార్మల్' అనే ఉంటుంది! ఇద్దరికీ ఒకే బిళ్ళ, ఒకే మోతాదులో ఇస్తే, మూత్రపిండాల ద్వారా పోవలసిన మందైనట్లయితే అది ఆమె ఒంట్లో ఎంతకాలం నిలుస్తుందో పాఠకులే ఊహించగలరు.

మరికొన్ని మార్పులు కూడా ఉన్నవి. శరీరంలో నీటి పాలు తగ్గి కొవ్వు పాలు పెరుగుతుంది. కొవ్వులో కరిగే మందులు అక్కడ తిష్ఠ వేస్తాయి. డయాజిపామ్ అనే నిద్రమందు సగానికి తగ్గడానికి ఇరవై ఏళ్ళవానికి సుమారు 20 గంటలు పడితే, ఎనభై ఏళ్ళవానికి దాదాపు 80 గంటలు పడుతుంది. నిన్నటి బిళ్ళ తరగకముందే నేటి బిళ్ళ చేరుతుంది. దాహం తెలియడం కూడా వృద్ధులకు మందగిస్తుంది.

మోకాళ్ళ నొప్పి, ఫ్లోరైడ్ నీరు

మా పడమటి నెల్లూరులో వృద్ధుల సంచిలో తప్పనిసరిగా ఉండేది నొప్పి బిళ్ళ. దీనికి ఇక్కడి నేల కూడా ఒక కారణం. మనదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని తొలిగా గుర్తించి శాస్త్రపత్రికలో ప్రకటించినది 1937లో. షార్ట్, మాక్‌రాబర్ట్ ప్రభృతులు మద్రాసు రాజధానిలో చూసి వర్ణించిన ఆ రోగులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలవారు. ఆనాటి నెల్లూరు జిల్లాలో కొంతభాగం 1970లో ఏర్పడిన నేటి ప్రకాశం జిల్లాలోకి పోయినది. అయినా ఉదయగిరి ప్రాంతపు మెట్ట గ్రామాలకు ఆ బాధ తప్పలేదు. బోరు లోతు పెరిగినకొద్దీ రాతి పొరలలోని ఫ్లోరైడ్ నీటిలోకి రావడం చాలాచోట్ల కనిపిస్తుంది. త్రాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, గత్యంతరం లేనిచోట 1.5 వరకు సహించవచ్చునని మన దేశపు ప్రమాణం. ఏళ్ళ తరబడి అంతకు మించిన నీరు త్రాగినవారికి నడుము వంగి, మెడ తిరగక, మోకాళ్ళు ముడుచుకోక బాధపడటం జరుగుతుంది. పైగా ఇది మామూలు కీళ్ళవాతంతో కలిసిపోయి ఉంటుంది.

"పొద్దున ఒక బిళ్ళ వేసుకుంటేగాని మంచం దిగలేను నాయనా" అని వృద్ధులు అనడంలో అతిశయోక్తి ఏమీ లేదు. ఆ బిళ్ళలు సాధారణంగా డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, పిరాక్సికామ్, ఇండోమెథాసిన్ జాతికి చెందినవి. వీటిని దీర్ఘకాలం వాడటం వృద్ధులకు అనుచితమని పై జాబితాలు రెండూ చెబుతున్నవి. ఇండోమెథాసిన్ అయితే అసలే వద్దంటారు. ఇవి జీర్ణాశయపు లోపలి పొరను పుండు చేస్తాయి. వృద్ధులలో ఈ పుండు చాలాసార్లు నొప్పి కూడా లేకుండా, ఉన్నట్టుండి నల్లని విరేచనం రూపంలో బయటపడుతుంది. రక్తపోటును పెంచుతాయి. ఒంట్లో ఉప్పు, నీరు నిలవజేసి బలహీనమైన గుండెకు భారమవుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, మూత్రపిండాలకు పోయే రక్తాన్ని తగ్గిస్తాయి.

ఇక్కడే మా ప్రాంతపు వృద్ధులకు ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉన్నది. శరీరంలోకి చేరిన ఫ్లోరైడ్‌లో బయటకు పోయేది ప్రధానంగా మూత్రం ద్వారానే. మూత్రపిండాలు బలహీనపడినకొద్దీ ఫ్లోరైడ్ ఒంట్లో మరింతగా నిలిచి, ఎముకలలో చేరుతుంది. ఫ్లోరైడ్ వలన నొప్పి, నొప్పికి బిళ్ళ, బిళ్ళ వలన మూత్రపిండాల క్షీణత, ఆ క్షీణత వలన మళ్ళీ ఫ్లోరైడ్ నిల్వ. ఈ చక్రంలో చిక్కుకున్న మనిషికి సంవత్సరాలు గడిచేకొద్దీ బిళ్ళలు పెరుగుతాయి, నొప్పి తగ్గదు. ఇటువంటివారికి మొదటి చికిత్స నీరు మార్చడం. నీటిని పరీక్ష చేయించి, పరిశుద్ధమైన నీటిని త్రాగడానికీ వంటకూ వాడవలెను. తేయాకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది గనుక రోజుకు నాలుగైదు సార్లు టీ త్రాగే అలవాటు తగ్గించుకోవలెను. సున్నం సమృద్ధిగా ఉండే పాలు, మజ్జిగ, రాగులు, ఉసిరి, నిమ్మ ఆహారంలో ఉండవలెను. ఎముకలలో అప్పటికే చేరిన ఫ్లోరైడ్‌ను కరిగించే బిళ్ళ ఏదీ లేదు, ఎవరైనా ఉన్నదని చెబితే నమ్మవద్దు.

"నొప్పి బిళ్ళతోపాటు గ్యాస్ బిళ్ళ కూడా వేసుకుంటున్నాను గదా" అని చాలామంది ధైర్యంగా అంటారు. గ్యాస్ బిళ్ళ కడుపులోని పుండునుండి కొంతవరకు కాపాడుతుంది. మూత్రపిండాలను కాపాడే శక్తి దానికి లేదు. తగిన కారణం లేకుండా దానిని కూడా 8 వారాలకు మించి వృద్ధులకు కొనసాగించవద్దని బీర్స్ జాబితా చెబుతున్నది. ఏళ్ళ తరబడి వాడితే బి12 విటమిను లోపం, ఎముకలు పెళుసుబారడం వంటి చిక్కులున్నవి.

వేసవిలో ఇంకొక ఆపద. రక్తపోటుకు ఎనలాప్రిల్, టెల్మిసార్టన్ వంటి బిళ్ళ ఒకటి, నీరు తీసే బిళ్ళ మరొకటి వాడుతున్న వృద్ధునికి నొప్పి బిళ్ళ తోడైతే మూత్రపిండాలకు మూడువైపులనుండి దెబ్బ తగులుతుంది. విడివిడిగా మొదటి రెండూ మంచి మందులే. రోహిణికార్తె ఎండలలో, చెమటలు కారి, దాహం తెలియక, విరేచనాలు కూడా తోడైన రోజున ఈ మూడూ కలిసి ఉంటే ఒకటి రెండు రోజులలోనే మూత్రం ఆగిపోయే స్థితి రావచ్చు. ఆ రోజులలో ఏ బిళ్ళ ఆపవలెనో వైద్యుని ముందుగానే అడిగి కాగితం మీద రాయించుకోవడం మంచిది. నొప్పి బిళ్ళను మాత్రం అడగనవసరం లేకుండానే ఆపవచ్చు.

నొప్పికి మరి ఏమి చేయవలెను? తప్పనిసరైతే పారాసిటమాల్, వైద్యుడు చెప్పిన మోతాదు మించకుండా వాడటం వీటికంటే మేలు. జలుబు బిళ్ళలలో కూడా అదే ఉంటుందని గుర్తుంచుకుని, రెండూ కలిపి వాడరాదు. పైపూత మందులలోనిది రక్తంలో చేరేది తక్కువ. ఇంటిలో చేసుకోదగినవి, వావిలి ఆకు వేసి కాచిన నీటితో కాపడం, వేడిచేసిన ఇసుక మూటతో కాపడం, నువ్వుల నూనె గోరువెచ్చగా మర్దన, ఆముదపు ఆకును వెచ్చచేసి కట్టడం. మధుమేహం వలన పాదాల స్పర్శ పోయినవారు కాపడం పెట్టేటప్పుడు వేడిని మరొకరి చేతితో చూపించుకోవలెను, లేకుంటే బొబ్బలెక్కినా తెలియదు. తొడ కండరాలకు కూర్చుని చేసే చిన్నపాటి వ్యాయామం రోజూ చేయడం కూడా మోకాలికి బలమిస్తుంది.

మందుకు మందు

వృద్ధుల సంచి అంత పెద్దదవడానికి ఒక క్రమం ఉన్నది. ఒక మందు వలన ఒక లక్షణం పుడుతుంది. దానిని కొత్త వ్యాధి అనుకుని రెండవ మందు రాస్తారు. దాని వలన మూడవది. రోషన్, గుర్విట్జ్ అనే వైద్యులు 1990లలో దీనిని మందుల పరంపరగా వర్ణించారు. ఉదాహరణకు, రక్తపోటుకు ఆమ్లోడిపిన్ వాడుతున్న వ్యక్తికి పాదాలు వాచవచ్చు. అది ఆ మందు స్వభావం. వాపు చూసి నీరు తీసే బిళ్ళ ఇస్తే, రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవవలసి వస్తుంది, లేచినప్పుడు కళ్ళు తిరుగుతాయి. కళ్ళు తిరగడానికి సిన్నరిజిన్ లేదా ప్రోక్లోర్‌పెరజిన్ రాస్తారు. ఇవి నెలల తరబడి సాగితే వృద్ధులలో చేతులు వణకడం, ముఖంలో కదలిక తగ్గడం, అడుగులు చిన్నవి కావడం జరగవచ్చు. అచ్చం కంపవాతం వలె ఉంటుంది. ఆ వణుకుకు ట్రైహెక్సిఫెనిడిల్ మొదలుపెడితే నోరు ఎండటం, మలబద్ధకం, మూత్రం బిగియడం, మతిమరుపు. మలబద్ధకానికి మళ్ళీ విరేచనకారి. అయిదు మందులు పోగైనా, మూలం మాత్రం మొదటి బిళ్ళ వలన వచ్చిన పాదాల వాపు. దాని మోతాదు తగ్గించి ఉంటే చాలావరకు సరిపోయేది.

అందుచేత వృద్ధులలో కొత్తగా ఏ లక్షణం కనిపించినా, గత రెండు మూడు నెలలలో ఏ మందు కొత్తగా చేరినదో మొదట చూడవలెను. వయస్సు మీదపడినదని సరిపెట్టుకోవడం మనకు అలవాటైపోయినది. తూలి పడిపోవడం, మాటల తడబాటు, ఆకలి చచ్చిపోవడం, రాత్రిపూట లేనివారిని చూస్తున్నట్లు మాట్లాడటం, ఇవన్నీ వార్ధక్యం ఖాతాలో వేస్తాం. కొందరు గాలి సోకినదని తాయెత్తు కట్టిస్తారు. వీటిలో కొన్ని మందు మానితే పోయేవి.

మతిభ్రమ సంగతి చెప్పినప్పుడు ఉప్పు సంగతి కూడా చెప్పవలెను. నీరు తీసే బిళ్ళలు, ముఖ్యంగా థయజైడ్ జాతివి, కొందరు వృద్ధులలో రక్తంలోని సోడియంను తగ్గిస్తాయి. రక్తపోటు ఉన్నదని ఇంట్లో పథ్యం పేరిట ఉప్పును పూర్తిగా మాన్పించి, చప్పిడి గంజి పోస్తుంటే ఆ తగ్గుదల ఇంకా వేగమవుతుంది. అప్పుడు మనిషి మగతగా ఉండటం, అసందర్భంగా మాట్లాడటం జరుగుతుంది. ఉప్పు తగ్గించవలసినదే. బొత్తిగా మాన్పించేముందు వైద్యుని అడగవలెను.

జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్ చూడటానికి చిన్న బిళ్ళ. ఎక్కడైనా దొరుకుతుంది. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన వృద్ధునికి అది రెండు పూటలు వేస్తే మూత్రం పూర్తిగా బిగుసుకుని గొట్టం వేయవలసి రావచ్చు. మధుమేహానికి వాడే గ్లిబెన్‌క్లమైడ్ చవకైనది, పాతది. మూత్రపిండాలు మందగించిన వృద్ధులలో దాని ప్రభావం గంటల తరబడి నిలిచి, తెల్లవారుజామున చక్కెర అట్టడుగుకు పడిపోవచ్చు. రాత్రి అన్నం తినకుండా బిళ్ళ మాత్రం వేసుకుని పడుకునే పెద్దలు ఈ విషయం గమనించగలరు.

నిద్ర బిళ్ళ

వృద్ధులకు నిద్ర తగ్గడం సహజం. ఎనిమిదింటికే పడుకుని, మధ్యాహ్నం రెండు గంటలు కునుకు తీసి, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చినదని బాధపడేవారికి అసలు రోగమే లేదు. డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి బిళ్ళలు వారికి ఇచ్చేది మత్తు. రాత్రి మూత్రానికి లేచి తూలిపడితే తుంటి ఎముక విరుగుతుంది, దానితో మంచం పట్టడం జరుగుతుంది. ఈ జాతి మందులు 2014 నుండి మందుల చట్టపు నియమాలలో హెచ్1 షెడ్యూలులో ఉన్నవి. వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. అమ్మిన వివరం దుకాణదారు ప్రత్యేక పుస్తకంలో రాసి మూడేళ్ళు భద్రపరచవలెను. పాత చీటీనే పట్టుకెళ్ళి ఏళ్ళ తరబడి తెచ్చుకోవడం సరికాదు. పగటి నిద్ర మాని, సాయంత్రం నాలుగు తరువాత టీ కాఫీలు మాని, పడుకోబోయే ముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వుల నూనె మర్దన చేయించుకుని, వీలైతే పాలు త్రాగి, నిద్ర వచ్చినప్పుడే పక్కమీదికి చేరవలెను. ఇప్పటికే నెలల తరబడి ఈ బిళ్ళలు వాడుతున్నవారు మాత్రం ఒక్కసారిగా ఆపరాదు. అలా ఆపితే వణుకు, తీవ్రమైన ఆందోళన, ఒక్కోసారి ఫిట్లు కూడా రావచ్చు. వైద్యుని పర్యవేక్షణలో వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించవలెను.

మన మందుల సంగతి

ఇంతవరకు ఇంగ్లీషు మందుల గురించి చదివి సంతోషించిన పాఠకులు ఇప్పుడు మన ఇంటిలోని డబ్బాలు కూడా తెరిచి చూడవలసి ఉన్నది. ఆకులూ వేళ్ళే గదా, అపాయమేమున్నదని అనడం శాస్త్రం తెలియని మాట. సుశ్రుతుడు వృద్ధులకు వద్దన్న విరేచనం మన వైద్యంలోనిదే. వారం వారం ఆముదం త్రాగించడం, సునాముఖి చూర్ణం రోజూ వేయడం వృద్ధుల ఒంట్లోని పొటాషియంను, బలాన్ని తీసివేస్తుంది. నీరు తీసే బిళ్ళ కూడా వాడుతుంటే ఆ నష్టం రెట్టింపు. మలబద్ధకానికి గోరువెచ్చని నీరు, పీచు ఉన్న కూరలు, తక్కువ మోతాదులో త్రిఫల చాలు.

అతిమధురం దగ్గుకు మంచిదే. రోజూ ఎక్కువగా వాడితే రక్తపోటును పెంచి, పొటాషియంను తగ్గిస్తుంది. గుండెకు డిజాక్సిన్ వాడుతున్నవారికి ఇది ప్రమాదకరం. లవణభాస్కర చూర్ణంలో పేరుకు తగినట్లుగా లవణాలే హెచ్చు. రక్తపోటు, గుండె నీరసం, కాళ్ళవాపు ఉన్నవారు దానిని అజీర్తికని రోజూ వేసుకోరాదు. కాకరరసం, మెంతులు, నేరేడు గింజల చూర్ణం చక్కెరను తగ్గిస్తాయంటూ గ్లిబెన్‌క్లమైడ్‌తో కలిపి తీసుకునేవారు ఆ సంగతిని వైద్యునికి చెప్పకపోతే, చక్కెర పడిపోయినప్పుడు కారణం ఎవరికీ అంతుపట్టదు. మూత్రపిండాలు బలహీనమై, టెల్మిసార్టన్ వంటి మందు వాడేవారికి రోజూ కొబ్బరినీళ్ళు త్రాగించడం పొటాషియంను ప్రమాదస్థాయికి పెంచవచ్చు. వత్సనాభి, విషముష్టి, పాదరసం, పాషాణం చేరిన యోగాలను మందుల చట్టపు నియమాలు ఇ1 షెడ్యూలులో చేర్చి, వైద్య పర్యవేక్షణలోనే వాడవలెనన్న హెచ్చరిక సీసామీద ముద్రించవలెనని నిర్బంధించాయి. మోకాళ్ళ నొప్పులకు విషముష్టి బిళ్ళలు కొని వేసుకునేవారు ఆ హెచ్చరిక చదివించుకోవలెను.

అన్నిటినీ మించినది పేరూ ఊరూ లేని పొట్లం. సంతలోనో, బస్టాండు దగ్గరో, 'ఒక్క నెలలో కీళ్ళు వదులవుతాయి' అని ఇచ్చే చూర్ణాలలో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్లు కలపడం దేశమంతటా బయటపడుతున్న మోసం. మూడు రోజులలో నొప్పి మాయమై, ఆకలి పెరిగి, నెల తిరిగేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బి, చక్కెర, రక్తపోటు ఎక్కితే అనుమానించవలెను. వేరుముక్కకు గాని ఆకుపసరుకు గాని అంత వేగం లేదు. ఇటువంటి పొట్లం నెలల తరబడి వాడినవారు దానిని తమంతట తాము చటుక్కున మానరాదు. శరీరం తన స్వంత స్టెరాయిడ్‌ను తయారుచేయడం అప్పటికే మరచి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పొట్లాన్ని పారవేయక, దానితో సహా పెద్దాసుపత్రికి వెళ్ళవలెను. దాచిపెట్టి సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

సంచి సర్దే విధానం

వృద్ధులున్న ఇంటివారు ఆరు నెలలకొకసారి, లేదా ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన ప్రతిసారీ, మందులన్నీ ఒకచోట పోయవలెను. బిళ్ళలు, కషాయాలు, చూర్ణాలు, పైపూతలు, కంటిచుక్కలు, అంగట్లో కొన్న జలుబు పొట్లం, అన్నీ. వాటిని పాత చీటీలతో సహా ఒకే వైద్యుని ముందు పెట్టి, ఒక్కొక్కదానినీ చూపి మూడు ప్రశ్నలు అడగవలెను: ఇది దేనికి? ఇంకా అవసరమా? ఈ వయస్సుకు, ఈ మూత్రపిండాలకు మోతాదు సరిపోతుందా? క్రియాటినిన్ రిపోర్టు, నేటి బరువు చెబితే వైద్యుడు లెక్క కట్టగలడు. ఏ మందు ఎందుకో చెప్పగలిగినవారు ఇంట్లో ఒక్కరైనా ఉండవలెను. అడిగితే విసుక్కునే వైద్యులు లేకపోలేదు, అయినా అడగవలెను.

ఈ వ్యాసం చదివి మందులు ఆపేయడం మాత్రం ఎవరూ చేయవద్దని ప్రార్థన. గుండెపోటు వచ్చినవారు, రక్తనాళంలో స్టెంటు వేయించుకున్నవారు ఆస్పిరిన్‌ను, గుండె వేగాన్ని తగ్గించే అటెనొలాల్ వంటి మందును, మూర్ఛకు వాడే మందును, రక్తం గడ్డకట్టకుండా వాడే మందును స్వంతంగా ఆపితే వచ్చే కీడు, అనుచితమైన మందు వాడటం వల్ల వచ్చే కీడుకంటే పెద్దది. తగ్గించేటప్పుడు ఒకసారికి ఒక్క మందునే తగ్గించి, రెండు మూడు వారాలు చూడటం పద్ధతి. రెండు ఒకేసారి మానితే మేలు కలిగినా కీడు కలిగినా దేనివలనో తెలియదు.

మందువలన హాని కలిగినదని అనుమానం వచ్చినప్పుడు దానిని తెలియజేయడానికి మనదేశంలో 2010 నుండి ఒక కార్యక్రమం నడుస్తున్నది. గజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దానిని నిర్వహిస్తున్నది. రోగి గాని, బంధువులు గాని 1800-180-3024 నంబరుకు ఖర్చు లేకుండా ఫోను చేసి చెప్పవచ్చు. మందు పేరు, ఎన్నాళ్ళు వాడినది, ఏ లక్షణం ఎప్పుడు మొదలైనది, వృద్ధుని వయస్సు, తోడుగా వాడుతున్న ఇతర మందులు రాసి దగ్గర పెట్టుకుని ఫోను చేయవలెను. ఆ తోడు మందులలో మన కషాయాన్ని, చూర్ణాన్ని కూడా విధిగా చెప్పవలెను.